కమాండుతో పాటు అది నడిచే సిస్టమ్ పేరూ అచ్చువేయండి

గౌరవనీయులైన సంపాదకులకు,

మీ సాంకేతిక పేజీలో కొన్ని వారాలుగా వస్తున్న కమాండ్ లైన్ పాఠాలను మొదటి నుంచీ చదువుతున్నాను. టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) అంటే జంకేవారికి కూడా బోధపడేలా, చక్కని తెలుగులో రాస్తున్నందుకు ముందుగా నా కృతజ్ఞతలు. అయితే ఆ పాఠాలలో ఒక లోపం వారం వారం కొనసాగుతోంది. ఇచ్చిన ప్రతి కమాండూ ఏ కంప్యూటరులోనైనా ఒకేలా నడుస్తుందన్నట్టు అచ్చవుతోంది. అది వాస్తవం కాదు. పదేళ్లకు పైగా చిన్న చిన్న కమాండ్ లైన్ ప్రోగ్రాములు రాస్తూ, వాటిని లైనక్స్, మ్యాక్, విండోస్ మూడింటిలోనూ నడిపించే పనిలో ఉన్నవాడిగా ఈ విషయాన్ని కొంత వివరంగా మీ దృష్టికి తేవాలనుకుంటున్నాను.

ఫైలులో ఒక మాటను తీసి ఇంకో మాట పెట్టడానికి మీరు సెడ్ కమాండును, దానికి మైనస్ ఐ ఆప్షన్‌ను (మార్పును అదే ఫైలులో దాచమని చెప్పేదాన్ని) చూపించారు. లైనక్స్‌లో ఉండే, గ్నూ ప్రాజెక్టు వారి సెడ్‌కు ఆ ఆప్షన్ ఒంటరిగా ఇస్తే చాలు. పాత ఫైలుకు నకలు కావాలంటేనే దాని తోకపేరును (పేరు చివర చేర్చే .bak లాంటి భాగాన్ని) ఆప్షన్‌కు అతికించి ఇవ్వాలి. మ్యాక్‌లో ఉండేది బీఎస్‌డీ అనే వేరే సిస్టమ్ వంశానికి చెందిన సెడ్. అది మైనస్ ఐ తరువాత తోకపేరు తప్పకుండా ఉంటుందని ఎదురుచూస్తుంది. కనుక మీ పాఠంలోని వాక్యాన్ని మ్యాక్‌లో యథాతథంగా టైపు చేస్తే, మార్పు చేయమని రాసిన భాగాన్ని అది తోకపేరుగా మింగేసి, ఆ వెనక వచ్చే ఫైలు పేరును తనకిచ్చిన ఆదేశంగా చదవబోయి, తలా తోకా లేని దోషసందేశం ఇస్తుంది. కొత్తగా నేర్చుకుంటున్నవారు తామే ఏదో తప్పు టైపు చేశామనుకుంటారు. ఎవరో చెప్పగా మైనస్ ఐ పక్కన ఖాళీ కొటేషన్ గుర్తులు పెడితే మ్యాక్‌లో పని జరుగుతుంది కానీ, అదే వాక్యం మళ్లీ లైనక్స్‌లో చెడిపోతుంది. రెండింటిలోనూ నడిచే రూపం ఒకటుంది: తోకపేరును ఖాళీ లేకుండా ఆప్షన్‌కే అతికించి ఇచ్చి, పని అయ్యాక ఆ నకలును తీసేయడం. ఇంతకంటే భద్రమైన దారి, ఫలితాన్ని వేరే ఫైలులోకి పంపి, అంతా సరిగా ఉందని చూసుకున్నాక దానిని పాత ఫైలు పేరుకు మార్చడం. పాఠంలో ఈ రెండు వాక్యాలు చేర్చి ఉంటే ఎంతోమంది పాఠకుల సాయంత్రాలు మిగిలేవి.

ఇలాంటి తేడాలను తగ్గించడానికే పాసిక్స్ అనే ప్రమాణం పుట్టింది. ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ దాని మొదటి భాగాన్ని 1988లో వెలువరించింది. ఆ పేరు సూచించినవారు గ్నూ ప్రాజెక్టును ప్రారంభించిన రిచర్డ్ స్టాల్‌మన్. షెల్‌కూ (టైపు చేసిన కమాండ్లను చదివి నడిపించే ప్రోగ్రాముకూ), రోజువారీ కమాండ్లకూ సంబంధించిన భాగం 1992లో వచ్చింది. సెడ్‌లోని మైనస్ ఐ ఈనాటికీ ఆ ప్రమాణంలో లేదు. ఒక ఆప్షన్ తమ కంప్యూటరులో నడిచినంత మాత్రాన అది అందరిదీ అనుకోవడం పొరపాటని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. ప్రమాణం కదలకుండా కూర్చున్నదీ కాదు. పేర్లలో ఖాళీలూ కొత్త పంక్తి గుర్తులూ ఉన్న ఫైళ్లను కూడా క్షేమంగా ఒక కమాండు నుంచి మరో కమాండుకు అందించడానికి ఫైళ్లను వెతికే ఫైండ్, ఆ పేర్లను మరో కమాండుకు ఇచ్చే ఎక్స్‌ఆర్గ్స్‌లలో ఏళ్లుగా అనధికారికంగా వాడుకలో ఉన్న ఆప్షన్లు 2024 నాటి కూర్పులో చోటు సంపాదించుకున్నాయి.

షెల్ విషయంలోనూ ఇదే తంతు. స్క్రిప్టు (కమాండ్ల వరుస రాసిన ఫైలు) మొదటి పంక్తిలో దానిని నడపవలసిన షెల్‌గా ఎస్‌హెచ్ అని రాసి, లోపల బ్యాష్ వంటి కొన్ని షెల్‌లకు మాత్రమే తెలిసిన జంట చతురస్ర బ్రాకెట్లు వాడే అలవాటు చాలామందికి ఉంది. లైనక్స్ రకాలలో ఒకటైన ఉబుంటు 2006లోనే ఆ ఎస్‌హెచ్ స్థానంలో డ్యాష్ అనే చిన్న షెల్‌ను పెట్టింది. డ్యాష్‌కు ఆ బ్రాకెట్లు తెలియవు. మ్యాక్‌లో 2019 నుంచి కొత్త ఖాతాలకు జీషెల్ అనే షెల్ వస్తోంది, దాని పక్కన ఉన్న బ్యాష్ 3.2 దగ్గరే ఆగిపోయింది కనుక బ్యాష్ 4లో వచ్చిన సౌకర్యాలేవీ అక్కడ ఉండవు. మాటలను తెర మీద చూపించే ఎకో కమాండుకు, చివర పంక్తి మార్చవద్దని చెప్పే మైనస్ ఎన్ ఇస్తే కొన్ని షెల్‌లు దాన్ని ఆప్షన్‌గా పాటిస్తాయి, కొన్ని అక్షరాలా అచ్చువేస్తాయి. అందుకే అదే పని చేసే ప్రింట్‌ఎఫ్‌తో మొదలుపెట్టించడం మేలని నా అభిప్రాయం.

విండోస్‌కు వచ్చేసరికి తేడా ఆప్షన్లతో ఆగదు. లైనక్స్, మ్యాక్ వంటి యూనిక్స్ వంశపు సిస్టమ్‌లలో నక్షత్రం గుర్తును ఫైళ్ల పేర్లుగా విప్పేది షెల్. ప్రోగ్రాముకు విడివిడి పేర్ల జాబితా అందుతుంది. విండోస్‌లో ప్రోగ్రాముకు అందేది ఒకే పొడవాటి వాక్యం. దానిని మాటలుగా విడగొట్టే బాధ్యతా, నక్షత్రాన్ని విప్పే బాధ్యతా ప్రోగ్రాముదో, దానికి జోడైన లైబ్రరీదో అవుతుంది. లైనక్స్‌లో ఎన్నడూ నక్షత్రాన్ని చూడని ప్రోగ్రాము విండోస్‌లో నక్షత్రమే పేరుగా ఉన్న ఫైలును వెతుకుతూ కూర్చోవడానికి కారణం ఇదే. ఫైండ్ అనే పేరుతో విండోస్‌లోనూ ఒక కమాండు ఉంది కానీ, అది వెతికేది ఫైళ్లను కాదు, ఫైలు లోపలి మాటలను. విండోస్‌లో రాసి దాచిన షెల్ స్క్రిప్టులో సాధారణంగా ప్రతి పంక్తి చివరా కనబడని అదనపు గుర్తు ఒకటి చేరుతుంది. దానిని లైనక్స్‌కు తీసుకువెళితే, ఎదురుగా కనిపిస్తున్న ఫైలునే లేదని సిస్టమ్ చెబుతుంది. నిజానికి అది లేదంటున్నది మొదటి పంక్తిలో పేర్కొన్న షెల్‌ను, ఎందుకంటే ఆ పేరు చివర గుర్తు అంటుకుని ఉంది. ఇక సీఓఎన్, ఎన్‌యూఎల్ వంటి కొన్ని మాటలను ఫైలుకు పేరుగా పెట్టడం విండోస్‌లో కుదరదన్న సంగతి లైనక్స్‌లో పెరిగిన ప్రోగ్రామర్లలో చాలామందికి తెలియదు.

తెలుగు పాఠకులకు అన్నిటికంటే దగ్గరి విషయం ఇంకొకటి ఉంది. దానిని నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒక పదాల జాబితాను తీసుకుని, ప్రతి పదానికీ ఉచ్చారణ ధ్వని ఫైలు ఉందో లేదో చూసి చెప్పే చిన్న ప్రోగ్రాము రాశాను. ఫైళ్ల పేర్లన్నీ తెలుగులోనే ఉన్నాయి. ధ్వనులు రికార్డు చేసినామె తన పాత మ్యాక్‌లో వాటిని జిప్ చేసి పంపారు. నేను లైనక్స్‌లో ప్రోగ్రాము నడిపితే చాలా పదాలకు ఫైళ్లు దొరికాయి, కొన్నింటికి మాత్రం లేవని వచ్చింది. ప్రోగ్రామును నమ్మి, ఆ పదాలను మళ్లీ చదివి పంపమని ఆమెను అడిగాను. ఆమె ఓపికగా చదివి పంపారు. మళ్లీ అవే పదాలు లేవన్నది. అప్పుడు గానీ ఆ జాబితాను శ్రద్ధగా చూడలేదు: రైలు, వైద్యం, సైన్యం, నైపుణ్యం. ప్రతి పదంలోనూ ఐత్వం ఉంది.

అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు విధాలుగా దాచవచ్చు. ఒకే గుర్తుగా దాచవచ్చు. లేదా ఎత్వం గుర్తు, దాని కింద చేరే ఐ గుర్తు అని రెండుగా విడదీసి దాచవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, యూనికోడ్ ప్రమాణం ప్రకారం రెండూ సమానమే. కానీ రైలు అన్న మాట మొదటి పద్ధతిలో, యూనికోడ్ గుర్తులను బైట్లుగా మార్చి దాచే యూటీఎఫ్-8లో 12 బైట్లు, రెండవ పద్ధతిలో 15 బైట్లు. పాత మ్యాక్‌లలోని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) పేర్లను విడదీసిన రూపంలోనే దాచేది. కీబోర్డు మీద టైపు చేసిన నా జాబితాలో కలిసిన రూపం ఉంది. లైనక్స్ ఫైలు పేరును బైట్ల వరుసగానే చూస్తుంది కనుక దాని దృష్టిలో అవి రెండు వేర్వేరు పేర్లు. పోల్చే ముందు రెండు వైపులనూ ఒకే రూపానికి తేవాలి, ఫైలును తెరిచేటప్పుడు మాత్రం డిస్క్ ఇచ్చిన పేరునే వాడాలి. సరిదిద్దడానికి ఒక్క పంక్తి సరిపోయింది. ఆమె రెండోసారి పడ్డ శ్రమను మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాను.

పేరు పొడవులోనూ ఇలాంటి చిక్కే ఉంది. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు; తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు కనుక, గుణింతాలూ పొల్లులూ కలిపి 85 గుర్తులకే హద్దు వస్తుంది. విండోస్ ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో తెలుగు గుర్తులు 255 దాకా పడతాయి. అక్కడ నిక్షేపంగా ఉన్న పొడవాటి తెలుగు పేరు ఇక్కడికి కాపీ కాదు. ఇంగ్లీషు పేర్లతో మాత్రమే పరీక్షించిన ప్రోగ్రాములో ఇది ఎప్పటికీ బయటపడదు. అందుకే నా ప్రోగ్రాములన్నిటికీ పరీక్షలలో ఐత్వం ఉన్న పేరు ఒకటి, ఖాళీలున్న పేరు ఒకటి, చాలా పొడవైన తెలుగు పేరు ఒకటి పెట్టుకున్నాను. ప్రతి మార్పు తరువాతా మూడు సిస్టమ్‌లలోనూ ఆ పరీక్షలు వాటంతటవే నడుస్తాయి.

గో, రస్ట్ వంటి భాషలలో రాస్తే ఈ బెడద ఉండదని కొందరు అంటారు. ఒక కంప్యూటరు మీద కూర్చుని మూడు సిస్టమ్‌లకూ ప్రోగ్రాము తయారుచేయడం ఆ భాషలలో సులువైన మాట నిజమే. కానీ తయారుకావడం వేరు, సరిగా నడవడం వేరు. పై ఐత్వం సమస్య ఏ భాషలో రాసినా ఎదురయ్యేదే. విండోస్‌లో లైనక్స్‌ను నడిపే సౌకర్యం 2016 నుంచి ఉంది కదా, అందరూ అదే వాడవచ్చు కదా అని మరికొందరు అంటారు. దానిని నేనూ వాడుతున్నాను. కానీ ఫైళ్లు పుట్టేది విండోస్‌లోనే అయినప్పుడు వాటి పంక్తి చివరలూ, పేర్ల నియమాలూ వాటి వెంటే వస్తాయి. సొంత అవసరానికి ఒక్కసారి వాడి పారేసే స్క్రిప్టుకు ఇంత శ్రద్ధ అక్కరలేదని ఒప్పుకుంటాను. పదిమందికి ఇచ్చేదానికీ, పత్రికలో అచ్చయ్యేదానికీ ఆ మినహాయింపు చెల్లదు.

కనుక నా విన్నపం ఇది. ఇకముందు పాఠాలలో ప్రతి కమాండు పక్కనా అది ఏయే సిస్టమ్‌లలో పరీక్షించి చూసినదో ఒక చిన్న పంక్తిలో తెలపండి. ప్రమాణంలో ఉన్న రూపం ఒకటుంటే దానినే ముందుగా చూపించండి. ఉదాహరణలలోని ఫైళ్లకు ఇంగ్లీషు పేర్లతో పాటు తెలుగు పేర్లు కూడా పెట్టండి. సెడ్ పాఠానికి మాత్రం వచ్చే సంచికలోనే సవరణ వేయవలసిందిగా ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే దానిని కత్తిరించి దాచుకున్నవారు ఉంటారు. అచ్చుకు వెళ్లేలోపు కమాండ్లను మూడు సిస్టమ్‌లలోనూ నడిపి చూసే పనిని, మీరు అనుమతిస్తే, నేను సంతోషంగా చేసిపెడతాను.

ఇట్లు
మీ పాఠకుడు