రిమోట్ బాగానే ఉంది, చెప్పాల్సింది మేం చెప్పలేదు

విజయవాడ ఆటోనగర్‌లో మా దగ్గర కారు తాళాలు, రిమోట్లు చేయించుకున్న అందరికీ నమస్కారం.

పోయిన నెల ఒక మాస్టారు మూడోసారి షాపుకొచ్చారు. "లాక్ తీసి, ఇంట్లోంచి సామాను తెచ్చుకునేలోపు మళ్లీ పడిపోతోందయ్యా" అన్నారు. అంతకుముందు రెండుసార్లూ మా కుర్రాళ్లు రిమోట్‌లోని బ్యాటరీ సెల్ మార్చి పంపారు, డబ్బులూ తీసుకున్నాం. ఈసారి నేనే బండి దగ్గర నిలబడి చూశాను. రిమోట్‌లో ఏ లోపమూ లేదు. అన్‌లాక్ నొక్కాక సుమారు 30 సెకన్లలో ఏ డోరూ తీయకపోతే ఆ బండి దానంతటదే లాక్ అయిపోతుంది. జేబులో బటన్ నొక్కుకుపోయినా బండి తెరిచి ఉండిపోకూడదని చాలా కార్లలో ఈ ఏర్పాటు ఉంటుంది. మొదటిరోజే ఈ ముక్క చెప్పి ఉంటే ఆయన ఎండలో మూడుసార్లు తిరిగేవారు కాదు. తప్పు మాది. రెండు సెల్లుల డబ్బులూ తిరిగిచ్చేశాం.

అప్పట్నుంచి "పనిచేయట్లేదు" అని వచ్చే ప్రతి రిమోట్‌నీ బండి దగ్గరే చూస్తున్నాను. వెనక డోర్లు తెరుచుకోవట్లేదని ఒకమ్మాయి వచ్చింది. ఆమె బండిలో అన్‌లాక్ ఒకసారి నొక్కితే డ్రైవర్ డోరు మాత్రమే వస్తుంది, రెండోసారి నొక్కితే అన్నీ వస్తాయి. రాత్రిపూట ఒంటరిగా బండెక్కేవాళ్లకు ఇది మంచిది, అవతలి వైపు నుంచి ఎవరూ ఎక్కలేరు. వద్దనుకుంటే కొన్ని మోడళ్లలో సెట్టింగ్ మార్చుకోవచ్చు.

డిక్కీ బటన్ చాలావాటికి కాసేపు నొక్కి పట్టుకోవాలి, ఊరికే తాకితే రాదు. హారన్ బొమ్మ ఉన్నది పార్కింగ్‌లో బండి వెతుక్కోవడానికి, ఆపదలో నలుగురినీ పిలవడానికి. పిల్లలు నొక్కి సైరన్ మోగితే కంగారుపడకండి, చాలా బండ్లలో రిమోట్ మీద ఇంకో బటన్ నొక్కితే ఆగుతుంది. లాక్ నొక్కి వెనక్కి చూడకుండా మాత్రం వెళ్లిపోకండి. ఇండికేటర్లు వెలగలేదంటే ఏదో ఒక డోరో, డిక్కీయో సరిగా పడలేదేమో చూడండి.

సెల్ సంగతిలో ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. స్టాకు లేనప్పుడు కొందరికి 2032 నంబరు సెల్ బదులు 2025 నంబరుది వేశాం. రెండూ 3 వోల్టులే, రెండూ 20 మిల్లీమీటర్ల వెడల్పే. కానీ మందం 3.2 ఉండాల్సిన చోట 2.5 మిల్లీమీటర్లది పెడితే వదులుగా కూర్చుంటుంది, ఒకసారి పనిచేసి ఒకసారి మానేస్తుంది. ఇకమీదట అలా వేయం. వేయించుకున్నవాళ్లు రండి, ఊరికే మార్చిస్తాం.

సెల్ పూర్తిగా అయిపోయినా బండి ఆగిపోదు. తిప్పే తాళంలో ఇంజన్‌కు అనుమతినిచ్చే చిప్‌కు సెల్‌తో పనిలేదు, తాళం పెట్టే చోట చుట్టూ ఉండే కాయిల్ నుంచే దానికి కరెంటు అందుతుంది. పుష్ బటన్ బండ్లలో చాలావాటికి రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే సరిపోతుంది. డోరు తీయడానికి ఆ రిమోట్ లోపలే చిన్న ఇనుప తాళం దాగి ఉంటుంది. అది ఉందని తెలియక అర్ధరాత్రి రోడ్డు మీద నిలబడిపోయినవాళ్లు మాకు ఫోన్ చేస్తుంటారు. ఇవాళే బయటకు లాగి, డోరు ఒకసారి తీసి చూసుకోండి.

ఇకనుంచి కొత్త రిమోట్ ఇచ్చేటప్పుడు మీ బండి దగ్గరికే వచ్చి, ప్రతి బటనూ మీ చేతే నొక్కించి చూపిస్తాం. దానికి డబ్బులు తీసుకోం. సెల్ మార్చినా తేడా కనిపించనివాళ్లు బండితో సహా రండి. లోపం సెల్‌ది కాదని తేలితే ఆ డబ్బులు వెనక్కిస్తాం. కొత్త రిమోట్ చేయించుకునేవాళ్లు ఆర్‌సీతో పాటు ఇంట్లో ఉన్న రెండో తాళం కూడా తీసుకురండి. కొన్ని బండ్లలో కొత్తది ఎక్కించేటప్పుడు దగ్గర లేని పాత తాళం పనిచేయడం మానేస్తుంది.