శాలువా వద్దు, పాత కాగితాల కట్ట ఇప్పించండి

సంపాదకులు గారికి,
నమస్కారం.

గత అక్టోబరు 1న, అంతర్జాతీయ వృద్ధుల దినం పేరిట మా రాయగడలో జరిగిన ఒక సభకు డెబ్భై తొమ్మిదేళ్ల మా అమ్మను తీసుకువెళ్లాను. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలలో రెండున్నర గంటలపాటు ఉపన్యాసాలు విని, భుజాన ఒక శాలువా, చేతిలో ఒక మిఠాయి పెట్టె పట్టుకుని ఇంటికి వచ్చాము. ఉపన్యాసాలన్నీ ఒడియాలోనే సాగినందువల్ల అమ్మకు సగమే అర్థమయ్యాయి. ఆ సగంలోనూ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఇంటికి చేరగానే ఆమె చేసిన మొదటి పని, మిఠాయి పెట్టెకు చుట్టిన రంగు కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి, అరచేత్తో సాపు చేసి, దానితో ఒక చిన్న డొప్ప మడిచి, తన రాత్రి మాత్రలు అందులో వేసుకోవడం. మూడేళ్ల క్రితం పక్షవాతం వచ్చి ఎడమచేయి పట్టు తప్పిన మనిషి, మా నాన్నగారి పాత మందుల కల్వాన్ని కాగితం మీద బరువుగా పెట్టుకుని, ఒంటి చేత్తో ఆ మడతలన్నీ పెట్టింది. ఈ లేఖకు కారణం ఆ డొప్పే.

మా పురపాలక సంఘానికి, జిల్లా యంత్రాంగానికి మీ పత్రిక ద్వారా నేను చేస్తున్న విన్నపం చాలా చిన్నది. వారానికి ఒక పూట, ఒక గంటసేపు, ఏదైనా ప్రభుత్వ భవనంలో వెలుతురు బాగా పడే ఒక గదిని, నాలుగు బల్లలను, ఒక కట్ట పాత పత్రికలను ఊళ్లోని వృద్ధుల కోసం కేటాయించాలి. సమీపంలోని పాఠశాల నుంచి ఓ పదిహేను మంది పిల్లలను అక్కడికి పంపాలి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. తిండి, బట్ట, నివాసం, వైద్యం పోషణలో భాగమని ఆ చట్టం చెప్పింది, నిరాధారులైన వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం చొప్పున రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చని కూడా చెప్పింది. మధ్యాహ్నం మూడింటికి ఇంట్లో ఒంటరిగా కూర్చున్న మనిషి ఏం చేయాలన్నది చట్టం చెప్పే విషయం కాదు, అది ఊరు చూసుకోవలసిన విషయం.

కాగితం పని అనగానే అది పసిపిల్లల ఆట అని, పెద్దవారిని కూర్చోబెట్టి చేయించడం చిన్నతనమని కొందరికి అనిపించవచ్చు. నా అనుభవం వేరు. మా తరానికి మధ్యలో తెగిపోయిన విద్య ఇది, ఆ తరానికి బాగా తెలిసినది. కాగితం పడవ, కత్తిపడవ, సిరాబుడ్డి, కెమెరా మడవని చేయి వారిలో అరుదు. పెళ్లిపందిరికి రంగు కాగితాలు మడిచి, అంచులు కత్తిరించి, పురికొసకు అతికించి తోరణాలు కట్టినవారు వారే. పచారీ కొట్టులో పాత కాగితంతో శంఖంలాంటి పొట్లం కట్టి, దారం కూడా లేకుండా కొస లోపలికి దోపినవారూ వారే.

మెంతులు వేసి రుబ్బిన కాగితపు గుజ్జు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పాత కాగితాలను చించి, నీళ్లు మారుస్తూ రెండు మూడు రోజులు నాననిచ్చి, గుప్పెడు నానిన మెంతులతో కలిపి రోట్లో రుబ్బితే జిగురుగల ముద్ద అవుతుంది. దానిని వెదురు చేటకు, గంపకు మెత్తితే సందులు పూడి, చేట మరి కొన్నేళ్లు నిలుస్తుంది. బోర్లించిన గిన్నెకు తడిగుడ్డ చుట్టి దానిమీద పరిచి ఆరబెడితే విడిగానే బుట్ట తయారవుతుంది. పోయిన వేసవిలో మా వాకిట్లో నలుగురు పెద్దమ్మలు ఈ పని మొదలుపెట్టినప్పుడు, గుజ్జు పదునుకు వచ్చిందో లేదో చూడటానికి ఒకామె దానిని పిడికిట బిగించి వేళ్ల సందుల్లోంచి నీరు కారే తీరు చూసింది. ఇంకొకామె ముద్దను ముక్కు దగ్గర పెట్టుకుని, "మెంతి చాలలేదు, పురుగు పడుతుంది" అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద అరగంట వాదన జరిగింది. అంతసేపూ ఎవరూ మోకాళ్ల నొప్పుల ఊసెత్తలేదు. గుజ్జు పిసకడం వేళ్లకు మంచి వ్యాయామం కూడా; కీళ్లవాతం ఉన్నవారికి ముద్ద గోరువెచ్చగా ఉంటే హాయిగా ఉంటుంది. ఇటు ఒడియావారికి చింతగింజల జిగురుతో గుడ్డ పొరలను అతికించి, సుద్ద పూసి, గుండ్రని గంజప పేకముక్కలు చేసే సంప్రదాయం ఉంది. రెండు వంటింటి దినుసులు, రెండు భాషలు. ఒకే బల్ల దగ్గర కూర్చోబెడితే మాట దానంతట అదే కలుస్తుంది.

మా ప్రాంతానికి కాగితం కొత్త కాదు. ఊరి పక్కనే జేకేపూర్‌లో 1962 నుంచి కాగితపు మిల్లు ఉంది. అందులో పనిచేసి రిటైరైన తెలుగువారు, ఒడియావారు ఇక్కడ చాలామంది ఉన్నారు. మా వీధిలోని అటువంటి పెద్దాయన ఒకరు కాగితాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది అది చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు తూగుతుందో చెబుతారు. కాగితానికి కూడా చెక్కకు ఉన్నట్టే నార ఒక దిక్కున సాగుతుందని, ఆ దిక్కున చింపితే తిన్నగా చిరుగుతుందని, అడ్డంగా చింపితే వంకరపోతుందని, మడత కూడా నార వెంట అయితే సులువుగా పడుతుందని ఆయన పిల్లలకు చేసి చూపించారు. మీ పత్రికనే నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి చూడండి. వేళ్లలో బలం తగ్గిన మనిషికి ఈ ఒక్క సంగతి తెలిస్తే కత్తెర అవసరం సగం తప్పుతుంది.

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు. శుక్లాలు ఉన్నవారికి తెల్ల బల్ల మీద తెల్ల కాగితం కనిపించదు కనుక కింద ముదురు రంగు గుడ్డ పరచాలి. ముక్కలు జానెడుకు తగ్గకూడదు. జిగురుకు మైదా ఉడికించిన లై చాలు. అయితే పూర్వం పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవారు, అది విషం, మతిమరుపు ఉన్నవారు వేలు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది కనుక ఏ రోజు లై ఆ రోజే కాచుకుని మిగిలింది పారబోయాలి. అచ్చుకాగితం మీది సిరా చేతికి అంటుతుంది; అటువంటి కాగితంలో తినుబండారాలు కట్టకూడదని ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. అందువల్ల ఈ బుట్టలూ డొప్పలూ కళ్లజోళ్లకు, దారపు ఉండలకు, మాత్రల అట్టలకే తప్ప మిరపకాయ బజ్జీలకు కాదు.

ఈ మాట విన్న ఒక మిత్రురాలు, ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం ఉంది కదా, ఈ వృద్ధులచేత కాగితపు సంచులు చేయించి దుకాణాలకు అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయని సలహా ఇచ్చారు. ఉద్దేశం మంచిదే కాని నేను ఒప్పుకోలేకపోయాను. లెక్క మొదలైతే నిదానంగా మడిచేవారు వెనకబడతారు, వణికే చేతులు సిగ్గుపడతాయి, ఆ గంట కాస్తా షిఫ్టు అవుతుంది. అమ్ముకోదలచినవారు అమ్ముకోవచ్చు, గదికి మాత్రం ఆ లెక్క రాకూడదు.

పిల్లలు రావాలని పట్టుబట్టడానికి మా సరిహద్దు బతుకే కారణం. ఈ ప్రాంతం 1936లో ఒడిశా ఏర్పడేదాకా విశాఖ జిల్లాలో ఉండేది. మా ఇళ్లలో మామ్మలు తెలుగులో మాట్లాడతారు, మనవలు ఒడియా బడిలోనో ఇంగ్లీషు బడిలోనో చదువుతారు. తెలుగు విని అర్థం చేసుకుంటారు కాని చాలామందికి చదవడం రాదు. "మీ మామ్మతో కూర్చుని మాట్లాడరా" అంటే పిల్లవాడికి మాట తోచదు. అదే కాగితం చేతికిస్తే, "అలా కాదురా, అంచుకి అంచు కలపాల, అప్పుడు గోటితో గీయాల" అని మామ్మ అంటుంది. అంచు, మడత, కొస, గోరు, సందు అన్న మాటలు వాడి చెవిలో పడతాయి. మా అక్క మనవడు 'పురికొస' అనే మాటను ఆ విధంగానే నేర్చుకున్నాడు, నేర్చుకున్ననాటి నుంచి ప్రతి తాడునూ పురికొసే అంటున్నాడు.

ఈ పనిని ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగితే, కార్తీక పున్నమికి రెండు వారాల ముందు అంటాను. ఆనాడు ఒడియావారు కళింగ నావికుల జ్ఞాపకంగా బొయిత బందాణ చేసి చిన్న పడవలను నీట వదులుతారు. మనవారు అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. పున్నమి ఒకటే, నాగావళి ఒకటే. బజారులో దొరికే థర్మాకోల్ పడవలను ఆ ఒక్క రోజుకు పక్కనపెట్టి, ఊళ్లోని వృద్ధులు పిల్లలచేత మడిపించిన కాగితపు పడవలను, అరటి దొప్పలను నదికి పంపేలా పురపాలక సంఘం ఏర్పాటు చేయవచ్చు. ఖర్చు పెద్దగా ఉండదు, శాలువాల బిల్లులో పదో వంతు కూడా కాదు.

మీకూ ఒక విన్నపం. ఆదివారం సంచికలో నెలకు ఒకసారి, ఒక పేజీలో చదరపు గీతలు, మడత గుర్తులు పెద్దవిగా వేసి, పక్కన రెండు వాక్యాలు పెద్ద అక్షరాలలో అచ్చువేయించండి. చదవడం అయ్యాక ఆ పేజీని చింపుకుని మడుచుకుంటారు. మొదటిదిగా కత్తిపడవ వేస్తే బాగుంటుంది. దాని చివరి మడత నాకెప్పుడూ కుదరదు, అమ్మనడిగి నేర్చుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాయగడ, ఒడిశా.