పిల్లల డీఎన్ఏ కిట్ ఆఫర్ గురించి

అందరికీ నమస్కారం. మన మారతహళ్లి తెలుగు గ్రూపులో "పిల్లల టాలెంట్ ముందే తెలుసుకోండి" అంటూ డీఎన్ఏ కిట్ లింక్ తిరుగుతోంది. దయచేసి పిల్లల ఉమ్మి పంపకండి. చదువు, ఆటలు వందల జన్యువులతో పాటు పెంపకం మీదా ఆధారపడతాయి, ఆ రిపోర్టుతో తేలవు. పైగా అందులో మేనత్తల, బాబాయిల వివరాలూ కొంత ఉంటాయి, వాళ్లనెవరు అడిగారు? 2023లో అమెరికా డీఎన్ఏ పరీక్షల కంపెనీ ట్వంటీత్రీ అండ్ మీ నుంచి సుమారు 69 లక్షల మంది సమాచారం బయటికి పోయింది.

తలసీమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తహీనత జబ్బు) సంగతి వేరు. మేనరికం చేసుకునేవాళ్లు, ఆ మాటకొస్తే పెళ్లికి ముందు ఎవరైనా సరే, ఆ జబ్బు జన్యువు మోస్తున్నారేమో తెలిపే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. ఇద్దరూ బీటా తలసీమియా క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకపోయినా ఆ లోపమున్న జన్యువు మోస్తుంటే, ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. అడ్మిన్ గారూ, ఆ లింక్ తీసేయండి.