గొంతులు ఇంటికి చేరేదాకా: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాది కవి సమ్మేళనం, పిల్లల చిత్రలేఖన శిబిరం, సంక్రాంతి ముగ్గుల పోటీ ఈ ఏడూ జరిగాయి. ముగ్గుల పోటీ న్యాయనిర్ణేతల మీద ఫిర్యాదులు కూడా యథావిధిగా వచ్చాయి. వాటిని ఇంతటితో వదిలి, కార్యవర్గం సమయాన్నీ సంఘం డబ్బునూ అన్నిటికంటే ఎక్కువ తీసుకున్న ధ్వని, దృశ్య విభాగం గురించే ఈసారి రాస్తున్నాను.

ఈ విభాగాన్ని నడుపుతున్న మన సభ్యుడు వృత్తిరీత్యా కార్యక్రమ నిర్మాత. రేడియోకూ టీవీకీ చాలా ఏళ్లు పనిచేశారు. తన పేరు నివేదికలో వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. కొత్త పరికరం చేతికొస్తే రాత్రి నిద్ర మానుకునే మనిషే గానీ, బాధ్యత తీసుకునేటప్పుడు పరికరాల గురించి ఏమీ అడగలేదు. ఒక్క షరతు పెట్టారు: మనం రికార్డు చేసిన మాటను, మాట్లాడినవారు మొత్తం విని సరేనన్న తర్వాతే మరొకరికి వినిపించాలి. ఆ షరతు ఏడాది పొడుగునా పనిని నెమ్మదింపజేసింది. ‘ఇంత ఖర్చు పెట్టి బయటికి తెచ్చినవి ఇవేనా’ అని కొందరు సభ్యులు అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

హుద్‌హుద్ తుపాను విశాఖను తాకి 2024 అక్టోబరు 12 నాటికి పదేళ్లు నిండాయి. ఆ రోజు జ్ఞాపకాలను మత్స్యకారుల నోట వినాలని వేసవిలోనే పని మొదలుపెట్టాం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. పడవలు హార్బరులో కట్టేసి ఉంటాయి, మనుషులు వలలు బాగుచేసుకుంటూ ఒడ్డునే దొరుకుతారు. దొరకని రోజుల్లో వెళ్లి మైకు పెట్టడం కంటే ఇది మర్యాద అని నిర్మాతగారి అభిప్రాయం. సముద్రపు గాలికి మామూలు స్పాంజి తొడుగు చాలదు. మైకుకు బొచ్చు తొడుగు వేసి, ఒడ్డుకు లాగిన పడవల చాటున కూర్చుని రికార్డు చేశారు.

తుపాను కన్ను నగరం మీదుగా దాటినప్పుడు గాలి ఆగిపోవడం, అంతా అయిపోయిందనుకుని జనం బయటికి రావడం, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడడం గురించి దాదాపు అందరూ చెప్పారు. కరెంటు లేక, ఫోను టవర్లు కూలి, పక్క వీధి సంగతి కూడా తెలియని రోజుల గురించీ చెప్పారు. అందరూ చూసింది ఒకటే అయినా ఏ ఇద్దరూ ఒకేలా చెప్పలేదు.

పెదజాలరిపేటలో ఒక పెద్దాయన చెప్పిన కథనాన్ని మన విద్యార్థులు ఎడిట్ చేశారు. మాటల మధ్య ఖాళీలను దానంతట అదే కత్తిరించే సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్నే వాడారు. షరతు ప్రకారం ఆయనకు వినిపించారు. ఆయన చివరిదాకా విని, ‘మాటలు నావే బాబూ, కానీ నేనెప్పుడూ ఇంత గబగబా మాట్లాడను. నా తమ్ముడి పడవ సంగతి చెప్పే ముందు ఆగాను కదా, అది ఏమైంది?’ అన్నారు. నిర్మాతగారు ఆ రాత్రే ఖాళీలన్నీ తిరిగి పెట్టించారు. నిడివి పెరిగింది. అక్టోబరులో ఆ వీధిలోనే స్పీకరు పెట్టి వినిపించినప్పుడు ఆ ఆగిన చోట ఎవరూ కదల్లేదు. ఎంతమంది చూశారు, ఎంతమందికి చేరింది అన్న లెక్కలే విజయమనుకునే కాలంలో, చెప్పినవారే ముందుగా విన్న ఆ సాయంత్రమే ఈ విభాగం చేసిన పెద్ద పని అని నా నమ్మకం. నిర్మాతగారు దీన్ని పెద్ద పనిగా ఒప్పుకోరు, మామూలు పద్ధతి అంటారు.

ఇక క్యాసెట్లు. సభ్యుల ఇళ్లలో అటకల మీద ఉన్న హరికథలు, జముకు అనే తీగ వాయిద్యం మీటుతూ చెప్పే జముకుల కథలు తెమ్మంటే సంచుల్లో తెచ్చారు. మన ఊరి తేమకు టేపు మీద తెల్లగా బూజు పడుతుంది, అలాంటిదాన్ని తుడవకుండా ప్లేయరులో పెడితే దాని హెడ్ కూడా పాడవుతుంది. పైగా ఈ పనిలో తొందర కుదరదు. 90 నిమిషాల క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించాలంటే 90 నిమిషాలూ కూర్చోవలసిందే. ‘హరికథ’ అని చక్కగా రాసి ఉన్న ఒక క్యాసెట్టులో పావుగంట తర్వాత సినిమా పాటలు మొదలయ్యాయి. ఆ ఇంటి వారసులను నేనేమీ అనను.

ఇక్కడ కోశాధికారిగారికీ నిర్మాతగారికీ వాదన జరిగింది. నాణ్యత తగ్గకుండా స్టీరియోలో దాచిన ఫైలు గంటకు దాదాపు ఒక గిగాబైటు అవుతుంది. అదే ఎంపీ3గా మారిస్తే 60 మెగాబైట్ల లోపే సరిపోతుంది. ఫోనులో పంచుకోవడానికి ఎంపీ3 చాలు, దాచడానికి మాత్రం పెద్ద ఫైలే కావాలని చివరికి తీర్మానించాం. రెండు ప్రతులను రెండు వేర్వేరు పేటల్లో ఉంచుతున్నాం. హుద్‌హుద్ చూసినవారికి కారణం చెప్పనక్కరలేదు.

జముకుల కథను కొత్తగా రికార్డు చేసినప్పుడు ఒక సంగతి తెలిసింది. జముకులో చర్మం నడుమ నుంచి వచ్చే తీగను బిగిస్తూ, సడలిస్తూ మీటుతారు, స్వరం దానితోనే మారుతుంది. ఫోనులో రద్దీ శబ్దాన్ని తగ్గించే సదుపాయం మాటను మాత్రమే మంచిదనుకుని, జముకు మోతను రద్దీ కింద జమకట్టి మింగేసింది. కథ మిగిలింది, జముకు పోయింది. అప్పటినుంచి ఆ సదుపాయం ఆపేసే రికార్డు చేస్తున్నారు. మాటను అక్షరాల్లోకి మార్చే యంత్రాలూ అంతే. వార్తలు చదివే గొంతును చక్కగా రాస్తాయి, ఉత్తరాంధ్ర పల్లె గొంతు దగ్గర తడబడతాయి. విద్యార్థులు విని దిద్దుతున్నారు.

సమ్మతించినవారి రికార్డులను క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వికీమీడియా కామన్స్ అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో ఉంచాలన్న ప్రతిపాదన మీద చర్చ బాగా నడిచింది. అక్కడ ఉంచినదాన్ని పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. ఈ ముక్కను దాచకుండా సమ్మతి పత్రంలో తెలుగులో రాసి, చదవలేనివారికి చదివి వినిపించాం. కొందరు ఒప్పుకోలేదు. ముఖ్యంగా ఇద్దరు జముకుల కథకులు, తమ కథ తమ బతుకుతెరువు అన్నారు. వారి రికార్డులు మెమరీ కార్డులో వారి ఇంటికే ఇచ్చాం, సంఘం వద్ద ఉన్న ప్రతిని బయటికి తీయము.

సొంత కమ్యూనిటీ రేడియో పెట్టాలని యువ సభ్యులు అడుగుతున్నారు. జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో మహిళలు 2008 నుంచి ‘సంఘం రేడియో’ అనే కమ్యూనిటీ రేడియో నడుపుతున్నారన్నది వారి వాదన. మూడేళ్లుగా సేవలో ఉన్న సంస్థ దరఖాస్తు చేయవచ్చు, మనకు ఆ అర్హత ఉంది. కానీ ట్రాన్స్‌మిటరు, టవరు కొనడంతో ఖర్చు ఆగదు, రోజూ కార్యక్రమం తయారుచేసే మనుషులు కావాలి. షరతు సడలించకుండా అంత వేగంగా చేయలేమని నిర్మాతగారే చెప్పారు. కార్యవర్గం ప్రస్తుతానికి వాయిదా వేసింది.

ఆదాయ వ్యయాల పట్టిక విడిగా జతపరిచాం. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లు తీసుకురండి. మీరుగా గుడ్డతో తుడవకండి, ఎండలో పెట్టకండి. ఎవరి గొంతో, ఏ ఊరిదో, ఏ సందర్భమో తెలిసినంత కాగితం మీద రాసి జతచేయండి. ఆ వివరం తెలిసిన పెద్దవారు ఇంట్లో ఉంటే, వారినే వెంటబెట్టుకు రండి.

ఇట్లు
కార్యదర్శి