గ్రీన్ కారిడార్ తర్వాత సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఊపిరితిత్తులు పెట్టెలో పెట్టుకుని అంబులెన్స్ ఎలా పరుగెత్తిందో, దారి పొడుగునా పోలీసులు ట్రాఫిక్ ఆపి గ్రీన్ కారిడార్ ఎలా ఇచ్చారో పేపర్లలో ఫొటోలతో వేస్తారు. నేనూ ఇష్టంగానే చదువుతాను. కానీ అవి పెట్టించుకున్న మనిషి ఇంటికొచ్చాక ఎలా బతుకుతున్నాడో ఎవరూ రాయరు, అందుకే ఈ ఉత్తరం.

మాది రాయగడ. మా ఆయనకి ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు. రెండేళ్లు ఆక్సిజన్ పైపుతోనే గడిపారు, చివరికి హైదరాబాద్‌లో బ్రెయిన్ డెత్ అయిన ఒకరివి దొరికాయి. ఆ దాత ఎవరో మాకు చెప్పరు, చెప్పకూడదట. ఆపరేషనై పధ్నాలుగు నెలలైంది.

"ఇంకేం, గండం గడిచింది కదా" అంటారు ఇక్కడ అందరూ. ఆసుపత్రి దగ్గర అద్దె గదిలో మూడు నెలలున్నాం, అప్పుడు టెన్షన్ పడ్డా పక్కనే డాక్టర్లున్నారన్న ధైర్యం ఉండేది. ఊరొచ్చాకే అసలు పని మొదలైంది. రోజూ పొద్దున్నే ఆయన ఊపిరి ఎంత ఉందో కొలిచే చిన్న స్పైరోమీటర్‌లో ఊదుతారు, ఆ అంకెని నేను పాల లెక్క రాసే పుస్తకంలోనే ఇంకో పక్క రాస్తాను. పది శాతం తగ్గితే, ఆయాసం లేకపోయినా సరే, ఫోన్ చెయ్యమన్నారు. అతికిన చోటికి కింద నరాలు తెగిపోయి ఉంటాయి కాబట్టి కఫం చేరినా దగ్గు సరిగా రాదట, అందుకని పనిగట్టుకుని దగ్గాలి. ఆయన అలా దగ్గుతుంటే పక్కింటావిడ కషాయం పట్టుకొచ్చింది పాపం.

కొత్త ఊపిరితిత్తుల్ని ఒళ్లు పరాయివని తోసెయ్యకుండా టాక్రోలిమస్ అనే మాత్ర పన్నెండు గంటలకోసారి, బతికున్నన్నాళ్లూ వెయ్యాలి. అది రక్తంలో తగ్గితే ఊపిరితిత్తులకి ముప్పు, పెరిగితే కిడ్నీలకి. పర్లాకిమిడి నుంచి మా ఆడపడుచు పంపరపనసలు పంపితే అవి తిన్నా లెవెల్ పెరుగుతుందని డాక్టరు వద్దన్నారు, పిల్లలు తిన్నారు. నడుం నొప్పికి అడిగితే ఒక మందుల షాపాయన బ్రూఫెన్ చేతిలో పెట్టాడు. ఈ మాత్రతో పాటు అది వేసుకుంటే కిడ్నీలు పాడయ్యే ప్రమాదముందని ఆ షాపాయనకి తెలీదు, మాకు తెలుసు కాబట్టి సరిపోయింది.

ఆ లెవెల్ చూడ్డానికి రక్తం పొద్దుటి మాత్ర వెయ్యకముందే తియ్యాలి. ఇక్కడ ఒక ల్యాబ్ అబ్బాయి ఏడింటికి వస్తానని తొమ్మిదిన్నరకి వచ్చాడు, అప్పటికే ఈయన మాత్ర వేసుకున్నారు, "ఏం కాదు సార్" అని తీసుకుపోయాడు. అప్పుడే మాత్ర పడింది కాబట్టి అంకె చాలా ఎక్కువొచ్చింది. హైదరాబాద్ డాక్టరు డోసు తగ్గించబోతూ, రక్తం ఎన్నింటికి తీశారని అడిగారు కాబట్టి బయటపడ్డాం. మళ్లీ రక్తం ఇచ్చి, ఆ రిపోర్టు వచ్చేదాకా నాకు నిద్ర లేదు.

ఐదేళ్లు దాటేవాళ్లు సగం మంది కంటే కాస్త ఎక్కువేనని డాక్టరు ముందే చెప్పారు, దాచలేదు. ఆ సగంలో ఉండాలని మేం మాస్కులూ, మడీ అన్నీ పాటిస్తున్నాం. మజ్జిగౌరమ్మ గుడికి చైత్ర పండగప్పుడు వెళ్లలేదు. పశువుల సాల వైపు, తడి గడ్డి వైపు ఆయన్ని పోనివ్వను, ఆ బూజు ఊపిరితిత్తుల్లో పడితే మహా కష్టం. చుట్టాలొస్తే గుమ్మంలోనే మాట్లాడి పంపేస్తున్నాను, పొగరనుకుంటే అనుకోనీ.

అవయవాలు ఇచ్చినవాళ్లకి ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేస్తామని మన ఒడిశా ప్రభుత్వం 2024లో ప్రకటించింది, మంచి పని. అంత చేసి తెచ్చిన ఊపిరితిత్తులు వేళ తప్పి తీసిన రక్తం వల్ల పాడైతే ఆ దాత ఇంటివాళ్లకి ఏం చెప్తాం? మాకు కావలసింది పెద్ద పెద్ద యంత్రాలు కాదు. జిల్లా ఆసుపత్రిలో ఒక్కరికి ఈ మందుల గురించి నేర్పించి, మాత్రకి ముందే రక్తం తీసి ఆ రోజే విశాఖకో భువనేశ్వర్‌కో పంపే ఏర్పాటు చేస్తే చాలు. మాలాంటి వాళ్లు గుణుపురంలో, కొరాపుట్‌లో, బరంపురంలో ఎవరైనా ఉంటే మీరూ రాయండి, ఒక్క ఇంటి ఉత్తరమైతే ఎవరూ పట్టించుకోరు.

— ఒక పాఠకురాలు, రాయగడ