మంత్రి గారూ, పదిహేనేళ్ల పిల్లతో ఎట్లా మాట్లాడాలో మాకు నేర్పించండి

రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను వరంగల్ జిల్లా పల్లెల్లో 26 ఏళ్లు ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. చంటిపిల్లకు ఏ టీకా ఎప్పుడు వేయాలో, గర్భిణికి బీపీ పెరిగితే వరంగల్‌లోని సీకేఎం ప్రసూతి దవాఖానకు ఎప్పుడు పంపాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఎదిగే పిల్లలతో మాట్లాడడం మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. అది రాక నేను చేసిన తప్పు చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

మిరపకాయలు ఏరే రోజులవి. పదో తరగతి చదివే ఒక అమ్మాయి నెల రోజుల్లో మూడుసార్లు సబ్ సెంటర్‌కు వచ్చింది. ప్రతిసారీ వాళ్లమ్మే మాట్లాడేది: "కడుపు నొస్తుందట సిస్టరమ్మా." పిల్ల తల వంచుకుని గోళ్లు గిల్లుకుంటూ కూర్చునేది. నెలసరి సరిగ్గా వస్తోందా, అన్నం తింటోందా అని నేను కూడా తల్లినే అడిగాను. మాత్రలు చేతిలో పెట్టి పంపాను. నాలుగోసారి రాలేదు. పెళ్లి చేసేశారని ఆశా కార్యకర్త వచ్చి చెప్పింది. రెండేళ్ల తర్వాత బిడ్డకు టీకా వేయించడానికి వచ్చి ఆ పిల్లే అన్నది: "అమ్మను జర బయటికి పంపుతవేమోనని చూసిన సిస్టరమ్మా."

మూడుసార్లు చూసింది. నేను ఒక్కసారి కూడా పంపలేదు. పంపి, రెండు మాటలు విని, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేసి ఉంటే ఆ పెళ్లి ఆగేదేమో.

మంత్రి గారూ, మా రిజిస్టర్లు ఒకసారి తెప్పించుకుని చూడండి. పుట్టిన దగ్గర నుంచి అయిదారేళ్ల దాకా బిడ్డ వివరాలన్నీ ఉంటాయి. ఆ తర్వాత 10 ఏళ్లకు, 16 ఏళ్లకు ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసే టీడీ ఇంజెక్షన్. ఆపై ఆడపిల్ల మళ్లీ కనిపించేది గర్భిణిగానే. మగపిల్లలైతే ఇక ఎక్కడా కనిపించరు. గుట్కా, గంజాయి మొదలైనా, ఇంటర్ ఫలితాల టెన్షన్‌తో నిద్ర పట్టకున్నా వాళ్లు మా గడప తొక్కరు. మానసిక సమస్యల్లో మూడో వంతు 14 ఏళ్ల లోపే, సగం 18 ఏళ్ల లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే మేం చూడని వయసులోనే.

పథకం లేదని కాదు. 10 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 2014 జనవరిలోనే మొదలైంది. పోషకాహారం, లైంగిక ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, మత్తు, హింస, షుగరు బీపీ లాంటి జబ్బులు అన్నీ అందులో రాశారు. నా చేతికి వచ్చింది మాత్రం వారానికో నీలి రంగు ఐరన్ మాత్ర, దానికో రిజిస్టరు. మాత్రను నేను తక్కువ చేయడం లేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. కానీ ఆ మాత్రను పిల్లలు కిటికీలోంచి పారేయడం నేను కళ్లారా చూశాను. విరేచనం నల్లగా అవుతుందని, అది ప్రమాదం కాదని, అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పదని ముందే కూర్చోబెట్టి చెబితే చాలామంది మింగేవాళ్లే. మాత్ర పని చేయాలన్నా ముందు మాట కావాలి.

కౌమార వయసు వాళ్లను చూసే ఆరోగ్య సిబ్బందికి ఏమేం వచ్చి ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే రాసి ఇచ్చింది. ఉద్యోగంలో చేరాక ఒకటి రెండు రోజులు హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తే అది రాదు. చదువుకునేటప్పుడే రావాలి. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం మన వరంగల్‌లోనే ఉంది. బీఎస్సీ నర్సింగ్, ఎంబీబీఎస్ పరీక్షలు పెట్టేది వాళ్లే. ఇంజెక్షన్ ఎలా వేస్తున్నారో చూసి మార్కులు వేసినట్టే, పదిహేనేళ్ల పిల్లతో పది నిమిషాలు ఎలా మాట్లాడుతున్నారో చూసి మార్కులు వేయమనండి. తల్లిని నొప్పించకుండా బయట కూర్చోబెట్టడం, ఇల్లు, బడి, స్నేహితుల గురించి అడిగాకే కష్టమైన ప్రశ్నకు రావడం, చచ్చిపోవాలనిపించిందా అని తడబడకుండా అడగడం, ఇవన్నీ చేసి చూస్తేనే వస్తాయి.

ఇంకోటి, మాకు భయం ఉంది. ఏది కడుపులో దాచుకోవాలి, ఏది చెప్పి తీరాలి? 18 ఏళ్ల లోపు వాళ్లపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పాల్సిందేనని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. ఆ సంగతి మొదటే పిల్లకు ఎలా చెప్పాలో, చెప్పాక ఆమెకు ఎలా తోడుండాలో తెలియక మావాళ్లు అసలు అడగడమే మానేస్తున్నారు.

ముందు మా జిల్లాలో మొదలుపెట్టించండి. కాకతీయ మెడికల్ కాలేజీలో పిల్లల డాక్టర్లు, మానసిక వైద్యులు ఉన్నారు. ఏఎన్ఎంలను, పల్లె దవాఖానల సిబ్బందిని పది పదిహేను మంది చొప్పున పిలిచి నేర్పించమనండి. మూడు నెలలకోసారి మళ్లీ పిలిచి, ఎక్కడ తడబడ్డారో వినమనండి. ప్రతి సబ్ సెంటర్లో తలుపు వేసుకునే గది ఒకటి ఉండేలా చూడండి. మా సెంటర్లో ఉన్నది ఒకే గది. టీకాల రోజు అందులో ముప్పై మంది ఉండేవాళ్లు.

నేర్పడానికి మనుషులు చాలకపోతే నన్నూ పిలవండి, వస్తాను. ఆ అమ్మాయి సంగతి కొత్తగా చేరిన పిల్లలకు నేనే చెబుతాను.

ఇట్లు,
రిటైరైన ఒక ఏఎన్ఎం,
వరంగల్ జిల్లా