మా పిల్లల గురించి రాసింది మాకూ చూపించండి

జిల్లా స్త్రీ, శిశు సంక్షేమ అధికారి గారికి నమస్కారం.

అర్జీలకు జవాబు లేదు కాబట్టి నలుగురి ముందు రాస్తున్నాను. కావలి దగ్గర మా ఊరి అంగన్‌వాడీలో పిల్లలు తోటివాళ్లతో ఎలా ఉంటున్నారు, కోపమొస్తే ఏం చేస్తున్నారు అని ఫారాలు నింపారు. మా నాలుగేళ్ల వాడి పేరు దగ్గర ‘ఎవరితోనూ కలవడు’ అని ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టారని పక్కింటావిడ చెప్తే తెలిసింది, కాగితం అడిగితే మాత్రం ‘రికార్డు పైకి పోయింది’ అంటారు. పైకి పోయి ఏం చేస్తుందో!

అప్పట్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. మా అమ్మ దిష్టి అనుకుని కసుమూరు దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది, నా భార్య తన పెంపకాన్నే తిట్టుకుంటోంది. వాడేమో చెల్లెలికి ముద్దలు కలిపి తినిపిస్తాడు, మమ్మల్ని అడిగుంటే అదీ ఫారంలోకెక్కేది.

ప్రోగ్రెస్ కార్డు ఇంటికీ బడికీ వారధిగా ఉండాలని, అందులో సామాజిక, భావోద్వేగ ఎదుగుదల కూడా ఉండాలని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది కదండీ.

ఈ నెలాఖరులోగా ప్రతి బిడ్డ ఫారం నకలు తల్లిదండ్రులకు ఇప్పించండి. టీచరమ్మ మమ్మల్ని విడిగా కూర్చోబెట్టి మామూలు తెలుగులో చెప్పాలి, నిజంగా సాయం కావాల్సిన పిల్లల్ని డీఈఐసీకి, అంటే ఎదుగుదల సమస్యలున్న పిల్లల్ని చిన్నప్పుడే పరీక్షించి సాయం చేసే జిల్లా కేంద్రానికి, రాసి పంపాలి. ఇలా చేయాలని ఆదేశమిచ్చి, దాని కాపీ ప్రతి అంగన్‌వాడీ కేంద్రం గోడకూ అంటించండి.

ఇట్లు,
ఒక తండ్రి